అండం ఇచ్చిన స్త్రీ ఫైలు ముందు తెరవండి: ఏఆర్‌టీ, సరోగసీ బోర్డులకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల ఏఆర్‌టీ (సహాయక పునరుత్పత్తి వైద్యం), సరోగసీ (మరొకరి బిడ్డను గర్భంలో మోసే ఏర్పాటు) బోర్డులకు అధ్యక్షత వహిస్తున్న ఆరోగ్య శాఖ మంత్రులకు, బోర్డుల సభ్యులకు, కేంద్రాలకు రిజిస్ట్రేషన్ ఇచ్చి తనిఖీ చేసే రెండు రాష్ట్రాల అప్రోప్రియేట్ అథారిటీ అధికారులకు, సంతాన సాఫల్య కేంద్రాలు నడుపుతున్న వైద్యులకు,

నమస్కారాలు.

నేను సంతాన సాఫల్య కేంద్రాలలో కౌన్సెలర్‌గా చాలాకాలం పనిచేశాను. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండక, చుట్టాల మాటలు పడలేక, ఉన్న పొలమో నగలో అమ్ముకుని వచ్చిన దంపతులతో మాట్లాడాను. వాళ్ల కోసం అండం ఇవ్వడానికి, గర్భం మోయడానికి వచ్చిన స్త్రీలతోనూ మాట్లాడాను. మొదటివారి బాధ దగ్గరగా చూసినదాన్ని కాబట్టి ఈ వైద్యమే వద్దని నేను ఎన్నడూ అనను. గర్భాశయం లేకుండా పుట్టిన అమ్మాయికి, క్యాన్సర్ వల్ల గర్భాశయం తీయించుకోవలసి వచ్చిన ఇల్లాలికి, చిన్న వయసులోనే అండాలు అడుగంటిన స్త్రీకి మరొక స్త్రీ సాయం పట్టడం తప్ప తల్లి కావడానికి వేరే వైద్యం దాదాపు లేదు. ఆ సాయాన్ని కేంద్రాలు సరిగా, గౌరవంగా అందుకోవాలన్నదే నా కోరిక. ఏ కేంద్రం ఈ పని బాగా చేస్తోందో తేల్చుకునేటప్పుడు మీరు ముందుగా చూడవలసింది ఆఖరున ఉండిపోతోందని చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా చూడవలసినది దాత ఫైలు, సరోగేట్ తల్లి ఫైలు. తనిఖీకి వచ్చిన అధికారులు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు గోడకు ఉందా, ల్యాబ్‌లో పిండాలను చూసుకునే ఎంబ్రియాలజిస్టు అర్హతలేమిటి, ల్యాబ్‌లో పరికరాలేమున్నాయి, లింగ నిర్ధారణ చేయబోమన్న బోర్డు కనబడుతోందా అని చూస్తారు. అవి చూడవలసినవే. దంపతుల ఫైలు ఎలాగూ లావుగా, పద్ధతిగా ఉంటుంది, ఎందుకంటే డబ్బు కట్టేది వాళ్లు, ప్రశ్నలు వేసేది వాళ్లు, అవసరమైతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లగలిగేదీ వాళ్లే. అండం ఇచ్చిన స్త్రీ పేరు మీద మాత్రం తరచుగా ఒక ఆధార్ జిరాక్సు, కొన్ని రక్తపరీక్షల రిపోర్టులు, ఇంగ్లిషులో అచ్చయిన అంగీకార పత్రం, దాని అడుగున ఒక సంతకం తప్ప మరేమీ కనబడవు. నేను చూసినంతలో శ్రద్ధగల కేంద్రానికీ శ్రద్ధలేని కేంద్రానికీ తేడా యంత్రాలలో లేదు, ఈ పలుచని ఫైలులో ఉంది.

మన రెండు రాష్ట్రాలూ ఈ విషయంలో తలెత్తుకుని మాట్లాడగలిగే స్థితిలో లేవు. 2017లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక కేంద్రంలో పోలీసులు సోదా చేసినప్పుడు సరోగసీ గర్భం మోస్తున్న స్త్రీలు నలభై మందికి పైగా ఒకే చోట కనబడ్డారు. 2022లో తమిళనాడులోని ఈరోడ్‌కు చెందిన పదహారేళ్ల బాలికను నకిలీ ఆధార్‌తో పెద్దదానిగా చూపించి పలుమార్లు అండాలు ఇప్పించిన దారుణం బయటపడింది. ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ విచారణలో వెలుగుచూసిన ఆసుపత్రులలో మన తిరుపతిలోది ఒకటి ఉంది. 2024 నవంబరులో సరోగసీ కోసమని ఒడిశా నుంచి హైదరాబాద్ తీసుకువచ్చిన ఒక యువతి, రాయదుర్గం ప్రాంతంలోని బహుళ అంతస్తుల భవనం నుంచి తప్పించుకుని దిగబోయి పడి చనిపోయింది. 2025 జులైలో సికింద్రాబాద్ కేసు దేశమంతా తెలిసింది. సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డే అని ముప్పై లక్షల రూపాయలకు పైగా తీసుకుని ఒక జంటకు అప్పగించిన పసివాడి డీఎన్ఏ వాళ్లతో కలవలేదని, ఆ శిశువు అస్సాంకు చెందిన పేద దంపతుల బిడ్డ అని పోలీసులు చెప్పారు. ఆ కేసు న్యాయస్థానంలో తేలవలసినది, దాని గురించి తీర్పు చెప్పడం నా పని కాదు. అయితే ఈ నాలుగు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి స్పష్టంగా తెలుస్తుంది: ఆ స్త్రీలు ఎవరు, వాళ్ల వయసెంత, తమంతట తాము వచ్చారా, ఎక్కడ ఉంటున్నారు అని వాళ్లనే విడిగా కూర్చోబెట్టి అడిగిన మనిషి ఒక్కరు ఉన్నా ఇంతదూరం వచ్చేది కాదు.

చట్టం లేక ఇలా జరిగిందని అనలేం. 2021లో పార్లమెంటు చేసిన ఏఆర్‌టీ నియంత్రణ చట్టం, సరోగసీ నియంత్రణ చట్టం రెండూ 2022 జనవరి 25 నుంచి అమలులోకి వచ్చాయి. అదే ఏడాది జూన్‌లో నియమావళులూ వచ్చాయి. అంతకుముందు పదిహేడేళ్ల పాటు 2005 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలే దిక్కుగా ఉండేవి, వాటిని ఉల్లంఘించినవారికి శిక్ష లేదు. ఇప్పుడు శిక్షలున్నాయి. సరోగసీని వ్యాపారంగా నడిపితే పదేళ్ల వరకు జైలు, పది లక్షల రూపాయల వరకు జరిమానా. ఇంత గట్టి చట్టం చేతిలో ఉన్నప్పుడు, అది కోరుతున్న ప్రతి కాగితం వెనుక ఒక మనిషికి కలగవలసిన రక్షణ ఏమిటో గుర్తుపెట్టుకుని తనిఖీ చేయడమే మిగిలిన పని.

అండదాత విషయం వివరంగా రాస్తాను, ఎందుకంటే సరోగసీ మీద ఉన్నంత చూపు ఆమె మీద ఎవరికీ లేదు. సరోగేట్ తల్లి తొమ్మిది నెలలు కంటికి కనబడుతుంది. అండదాత మూడు వారాలలో వచ్చి వెళ్లిపోతుంది. ఆమెకు 23 నుంచి 35 ఏళ్ల లోపు వయసుండాలి. జీవితంలో ఒక్కసారే అండాలు ఇవ్వాలి. ఆమె నుంచి ఏడు అండాలకు మించి తీయకూడదు. ఆమె అండాలను ఒక్క దంపతులకే ఇవ్వాలి. పది పన్నెండు రోజులు రోజూ హార్మోన్ ఇంజెక్షన్లు, మధ్యమధ్య స్కానింగులు, ఆఖరున అండాలను పక్వం చేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్, దాని తర్వాత సుమారు ముప్పై ఆరు గంటలకు మత్తు ఇచ్చి సూదితో అండాల సేకరణ. చెప్పడానికి చిన్న ప్రక్రియ. చాలామంది మర్నాటికి మామూలుగా తిరుగుతారు. కొద్దిమందికి మాత్రం అండాశయాలు విపరీతంగా ఉబ్బి, పొట్టలో నీరు చేరి, ఊపిరి ఆడక, రక్తం గడ్డకట్టే ప్రమాదం దాకా వెళుతుంది. వైద్యులు ఓహెచ్ఎస్ఎస్ అని పిలిచే ఈ ఇబ్బంది ప్రాణం మీదికి తేగలదు.

ఈ ఇబ్బందిని దాతల విషయంలో దాదాపు రాకుండా చేయడానికి వైద్యంలో మార్గం ఉంది, అది ఈ రంగంలోని ప్రతి డాక్టరుకూ తెలుసు. దాత తన గర్భంలో పిండం వేయించుకోదు కాబట్టి ఆమెకు అండాలు ముందే విడుదల కాకుండా ఆపే యాంటాగనిస్ట్ పద్ధతిలో మందులిచ్చి, హెచ్‌సీజీ హార్మోన్ బదులు అగోనిస్ట్ రకం మందును ట్రిగ్గర్‌గా వాడితే ఓహెచ్ఎస్ఎస్ ప్రమాదం చాలావరకు తప్పిపోతుంది. తనిఖీ అధికారి దాత మందుల చార్టు తెరిచి ఏ ట్రిగ్గర్ ఇచ్చారో చూస్తే చాలు, ఆ కేంద్రం ఆమె శరీరాన్ని ఎలా చూస్తోందో తెలిసిపోతుంది. మందు మోతాదు కూడా అలాగే చెబుతుంది. ఏడు అండాల పరిమితి సరైనదా కాదా అన్నది వైద్యులలో వాదన ఉన్న విషయం. వయసులో ఉన్న దాతకు మామూలు మోతాదు ఇచ్చినా ఏడుకు మించి అండాలు పెరుగుతాయని, కొన్నింటిని వదిలేయడం వల్ల ఆమెకు మేలేమీ జరగదని వాళ్లంటారు. ఆ వాదనలో బలం ఉంది. మార్చవలసి ఉంటే జాతీయ బోర్డు ముందు వాదించి మార్పించాలి. మార్చేదాకా మాత్రం ఏడు అండాలకు సరిపోయే తక్కువ మోతాదుతో మొదలుపెట్టడమే నిజాయితీ. సేకరణ గదిలో రాసిన నోట్సు, ఎంబ్రియాలజీ ల్యాబ్ రిజిస్టరు, దాతను సమకూర్చిన ఏఆర్‌టీ బ్యాంకుకు పంపిన నివేదిక, ఈ మూడింటిలోని అండాల సంఖ్యను సరిపోల్చడానికి అధికారికి పది నిమిషాలు పట్టదు. ఆ పది నిమిషాలు తప్పనిసరిగా కేటాయించమని కోరుతున్నాను.

జీవితంలో ఒక్కసారే అన్న నియమం ఆధార్ జిరాక్సుతో అమలు కాదు. ఈరోడ్ బాలిక ఉదంతం చెప్పింది అదే. దాత పేరు, ఆధార్ నంబరు, చిరునామా బ్యాంకు తీసుకోవాలని చట్టం చెబుతోంది. కాగితం తీసుకోవడంతో ఆగకుండా, వేలిముద్రతో లేదా ముఖ గుర్తింపుతో అక్కడికక్కడే ధ్రువీకరించి, ఆమె ఇంతకుముందు ఎక్కడైనా అండాలు ఇచ్చిందా అని దేశంలోని కేంద్రాల, బ్యాంకుల వివరాలు చేరే జాతీయ రిజిస్ట్రీలో చూడగలిగే ఏర్పాటు కావాలి. హైదరాబాద్‌లో ఒకసారి, విజయవాడలో ఒకసారి, బెంగళూరులో ఒకసారి అండాలిచ్చిన స్త్రీని పట్టుకోవడానికి ఏ ఒక్క కేంద్రానికీ వీలుండదు. నలుగురి రికార్డులూ ఒకచోట కలిస్తేనే తెలుస్తుంది. ఇలా పట్టుబడినప్పుడు ఆమెను దోషిగా నిలబెట్టకూడదు. ఆమెను తిప్పుతున్న ఏజెంటు ఎవరో తెలుసుకోవడానికి అది దారి కావాలి.

ఏజెంటు మాట వచ్చింది కాబట్టి బ్యాంకుల సంగతి చెప్పాలి. దాతలను పరీక్షించడం, వీర్యం సేకరించి భద్రపరచడం, అండదాతను సమకూర్చడం స్వతంత్ర సంస్థగా నమోదైన ఏఆర్‌టీ బ్యాంకు మాత్రమే చేయాలని చట్టం రాసింది. దంపతులకు వైద్యం చేసే డాక్టరే దాతను కూడా ఎంచుకుంటే, ఆమె ఆరోగ్యానికీ ఈ దంపతుల తొందరకూ మధ్య పోటీ వచ్చినప్పుడు ఏది గెలుస్తుందో ఊహించవచ్చు కాబట్టి ఈ విభజన పెట్టారు. పేరుకు వేరే బ్యాంకు, నిజానికి డాక్టరు బంధువుల పేరు మీద అదే భవనంలో పై అంతస్తులో ఉంటే ఆ రక్షణ ఆవిరైపోతుంది. బ్యాంకు యజమానులెవరో, దాతను అక్కడికి తీసుకువచ్చింది ఎవరో, ఆ వ్యక్తికి ఎవరు ఎంత చెల్లించారో రిజిస్ట్రేషన్ ఇచ్చేటప్పుడూ, ఐదేళ్లకు రెన్యువల్ చేసేటప్పుడూ అడగండి. కౌన్సెలింగ్ గదిలో నేను వేసిన ప్రశ్నలకు దాత బదులు ఆమెతో వచ్చిన ‘అక్క’ జవాబు చెప్పడం నాకు కొత్త కాదు. అటువంటప్పుడు అక్కను బయట కూర్చోమనడం కౌన్సెలర్ బాధ్యత, ఆ అధికారం కౌన్సెలర్‌కు ఉందని యాజమాన్యం ముందే ఒప్పుకుని ఉండాలి. ఆమె ఇష్టపడటం లేదని నేను రాస్తే ఆ రోజుతో ప్రక్రియ ఆగిపోవాలి. అలా ఆగని చోట కౌన్సెలింగ్ అన్నది ఉత్త సంతకం.

అంగీకార పత్రం సరోగేట్ తల్లికి అర్థమయ్యే భాషలో ఉండాలని సరోగసీ చట్టం స్పష్టంగా చెబుతోంది. దాత విషయంలోనూ అదే పాటించాలి. మన కేంద్రాలకు వచ్చే స్త్రీలందరూ తెలుగువాళ్లు కారు. ఒడిశా, అస్సాం, ఉత్తరాది నుంచి పని కోసం వచ్చినవాళ్లున్నారు. తెలుగు, హిందీ, ఉర్దూ, ఒడియా, బెంగాలీ, అస్సామీ భాషలలో ప్రామాణిక పత్రాలను రెండు రాష్ట్రాల బోర్డులూ కలిసి ఒకేసారి తయారుచేయించి అందరికీ ఇస్తే ఏ కేంద్రానికీ సాకు ఉండదు. పత్రం చదివి వినిపించిన రోజుకూ ఇంజెక్షన్లు మొదలుపెట్టిన రోజుకూ మధ్య కనీసం కొన్ని రోజుల వ్యవధి ఉండాలి. సేకరణ గది బయట, సెలైన్ పెట్టిన చేతితో చేసిన సంతకం అంగీకారం కాదు. పిండం గర్భంలో ప్రవేశపెట్టేదాకా సరోగేట్ తల్లి తన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చన్న హక్కు చట్టంలో ఉంది. ఆ వాక్యం ఆమెకు తెలిసిందో లేదో తనిఖీ అధికారి ఆమెనే అడగాలి.

డబ్బు గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. సరోగసీలో వైద్యం ఖర్చులు, నియమాలలో చెప్పిన ఇతర ఖర్చులు, బీమా తప్ప మరేమీ ఇవ్వకూడదు. అండాలను, వీర్యాన్ని అమ్మడం నేరం. వ్యాపారాన్ని అనుమతించమని నేను కోరడం లేదు. డబ్బు పెరిగేకొద్దీ పేద ఇళ్ల స్త్రీల మీద ఇంటివాళ్ల ఒత్తిడి ఎంత పెరుగుతుందో నేను చూశాను. అయితే రోజు కూలీతో ఇల్లు గడుపుకునే స్త్రీ నెలల తరబడి పని మానేస్తే ఆ ఇంటి తిండి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు చట్టం సూటిగా జవాబు చెప్పకపోతే, ఆ జవాబు ఏజెంటు చెబుతాడు, చీకట్లో, తన వాటా మినహాయించుకుని. పోయిన కూలి, పోషకాహారం, రాకపోకలు, ఆమె పిల్లలను చూసుకోవడానికి పెట్టిన మనిషి జీతం, ఇవన్నీ ‘ఇతర ఖర్చుల’ కింద లెక్కగట్టి, బ్యాంకు ఖాతా ద్వారా ఆమె పేరు మీదే చెల్లించే విధానాన్ని నియమావళిలో చేర్చమని జాతీయ బోర్డుకు సిఫారసు చేసే అధికారం రాష్ట్ర బోర్డులకు ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలు కలిసి ఆ సిఫారసు పంపితే దానికి బరువుంటుంది.

ఇక సరోగేట్ తల్లి. పెళ్లయి, తనకంటూ ఒక బిడ్డ ఉన్న, 25 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న స్త్రీ, జీవితంలో ఒక్కసారి మాత్రమే ఈ పనికి ఒప్పుకోవచ్చు. ఆమె సొంత అండం వాడకూడదు. ఆమె మీద మూడుసార్లకు మించి ప్రయత్నించకూడదు. మామూలుగా ఒక్క పిండమే ప్రవేశపెట్టాలి, ప్రత్యేక పరిస్థితులలో మాత్రమే మూడు దాకా వెళ్లవచ్చు. ఈ చివరి నియమం దగ్గర కేంద్రాల మనసు బయటపడుతుంది. తన అండంతో సంబంధం లేని పిండాన్ని మోస్తున్న స్త్రీకి రక్తపోటు పెరిగే ప్రమాదం ఎలాగూ ఎక్కువ. కవలలైతే అది ఇంకా పెరుగుతుంది, నెలలు నిండకుండానే కాన్పులు వస్తాయి. అయినా ‘ఒకే ఖర్చులో ఇద్దరు’ అన్న ఆశ దంపతులలో ఉంటుంది, వాళ్లను తప్పుపట్టలేం. ఆ ఆశను సున్నితంగా కాదనడం డాక్టరు పని. ప్రత్యేక పరిస్థితి అని రాసి రెండు మూడు పిండాలు వేసిన ప్రతి సందర్భంలో ఆ పరిస్థితి ఏమిటో రాతపూర్వకంగా ఉండాలి, ఆ సంఖ్యలు ఏటా బోర్డు ముందుకు రావాలి.

ఆమె ఎక్కడ ఉండాలన్నది ఆమె ఇష్టం. తన ఇంట్లో తన పిల్లల మధ్య ఉండి నెలనెలా పరీక్షలకు వచ్చే ఏర్పాటే మామూలు పద్ధతి కావాలి. ఇరుగుపొరుగు మాటలకు భయపడి ఊరికి దూరంగా ఉంటానని ఆమే కోరితే, ఆ వసతికి తాళం ఉండకూడదు, ఫోన్ ఆమె చేతిలో ఉండాలి, బిడ్డలు వచ్చి చూసి వెళ్లగలగాలి. గర్భం దంపతులది కావచ్చు గానీ శరీరం ఆమెది. గర్భాన్ని తీసేయమని ఆమెను బలవంతం చేయకూడదని చట్టమే చెబుతోంది. వైద్య కారణాల మీద గర్భస్రావం అవసరమైతే 1971 నాటి గర్భస్రావ (ఎంటీపీ) చట్టం ఆమెకూ వర్తిస్తుంది. ప్రసవంలో ఇబ్బంది వస్తే ఎవరి ప్రాణానికి ముందు చూడాలో అన్న సందేహమే ఏ డాక్టరుకూ రాకూడదు.

ప్రసవం తర్వాతి కాలాన్ని కేంద్రాలు పూర్తిగా మరచిపోతున్నాయి. సరోగేట్ తల్లికి 36 నెలల ఆరోగ్య బీమా, అండదాతకు 12 నెలల బీమా దంపతులు తీసుకోవాలి. చాలాచోట్ల పాలసీ కాగితం కేంద్రం ఫైలులో ఉంటుంది, ఆమె దగ్గర నంబరు కూడా ఉండదు. ఏడాది తర్వాత కుట్ల దగ్గర హెర్నియా వచ్చిన స్త్రీ తన పేరు మీద బీమా ఉందని తెలియక వడ్డీకి అప్పు చేసి ఆపరేషన్ చేయించుకుంటే ఆ చట్టం రాసి ఏం లాభం? పాలసీ పత్రం ఆమె చేతికి ఇచ్చి, నామినీగా ఆమె సూచించిన మనిషిని పెట్టి, క్లెయిమ్ ఎలా చేయాలో చెప్పినట్టు ఆమె సంతకం ఫైలులో ఉండాలి. పాలు రాకుండా మందులివ్వడం, మానసిక స్థితి గమనించడం, కనీసం ఏడాది పాటు ఫోన్ చేసి కనుక్కోవడం, ఇవి ఖర్చుతో కూడిన పనులు కావు, మనిషిని కేటాయిస్తే చాలు. పొత్తిళ్లలో బిడ్డను దంపతుల చేతికిచ్చిన గంటలో అందరూ ఆ గదికి వెళ్లిపోతారు. కన్న స్త్రీ గదిలో ఎవరుంటారో ముందే నిర్ణయించి పెట్టే కేంద్రాన్ని నేను గౌరవిస్తాను.

పిల్లల కోసం వస్తున్న దంపతుల రక్షణ కూడా ఈ ఫైలుతోనే ముడిపడి ఉంది. సక్రమమైన సరోగసీకి జిల్లా మెడికల్ బోర్డు వైద్య అవసరాన్ని ధ్రువీకరించాలి, బిడ్డ తల్లిదండ్రులెవరో, సంరక్షణ ఎవరిదో తేల్చే ఆదేశం ప్రథమ శ్రేణి మేజిస్ట్రేటు కోర్టు నుంచి రావాలి, బీమా ఉండాలి, అర్హత పత్రాలు ఉండాలి. అంటే దంపతులూ సరోగేట్ తల్లీ ఒకరినొకరు ఎరుగకుండా ఈ పని సక్రమంగా జరిగే వీలే లేదు. ‘మీరు డబ్బు కట్టండి, మిగతాదంతా మేం చూసుకుంటాం, ఆమెను చూడనక్కర్లేదు’ అని ఎవరైనా అంటే ఆ మాటే పెద్ద హెచ్చరిక. సక్రమమైన సరోగసీకి కావలసిన ఆ నాలుగింటినీ తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రతి కేంద్రం రిసెప్షన్‌లోనూ పెట్టించండి. అయితే దంపతులు అడ్డదారి తొక్కడానికి ప్రభుత్వ ఆలస్యం కారణం కాకూడదు. భార్య వయసు 50, భర్త వయసు 55 దాటితే అర్హత పోతుంది. ఆ గడువు దగ్గరపడుతున్నవారికి ప్రతి నెలా విలువైనదే. జిల్లా మెడికల్ బోర్డు నెలకొకసారి నిర్ణీత తేదీన కూర్చోవాలి, దరఖాస్తు ఏ దశలో ఉందో వాళ్లకు తెలియాలి. వైద్య అవసరం ఉంటే బోర్డు ధ్రువీకరణతో దాత అండమో వీర్యమో వాడుకోవచ్చని 2024 ఫిబ్రవరిలో నియమం సవరించారు. చట్టం అమలులోకి రాకముందే పిండాలు భద్రపరచుకున్న దంపతులకు వయోపరిమితి అడ్డు కాదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతులు తెలియక నిరాశతో వెనుదిరిగినవాళ్లను వెతికి మరీ చెప్పవలసిన బాధ్యత కేంద్రాలది.

పుట్టిన బిడ్డ ఎవరి బిడ్డో ల్యాబ్‌లోని క్రమశిక్షణ మీద ఆధారపడుతుంది. అండాలు, పిండాలు ఉంచే ప్రతి డిష్ మీద, వాటిని గడ్డకట్టించి దాచే ప్రతి స్ట్రా (సన్నని గొట్టం) మీద పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ ఉండాలి. నమూనా ఒక పాత్ర నుంచి మరొక పాత్రకు మారే ప్రతిసారీ ఇద్దరు మనుషులు చూసి సంతకం చేయాలి. 2023 జూన్‌లో జాతీయ వినియోగదారుల కమిషన్, భర్త వీర్యం బదులు వేరొకరి వీర్యం వాడిన ఢిల్లీలోని ఒక ఆసుపత్రి కేసులో కోటిన్నర రూపాయల పరిహారం విధించింది. ఆ కవలలు 2009లో పుట్టారు. తీర్పు వచ్చేసరికి వాళ్లకు పద్నాలుగేళ్లు. ఆ తీర్పులోనే, ఏఆర్‌టీ ద్వారా పుట్టిన శిశువుల డీఎన్ఏ ప్రొఫైల్ ఇవ్వడాన్ని కేంద్రాలకు తప్పనిసరి చేసే విషయం పరిశీలించమని కమిషన్ సూచించింది. సికింద్రాబాద్ కేసు తర్వాత ఆ సూచనను ఇంకా వాయిదా వేయడానికి కారణం కనబడదు. సరోగసీలో పుట్టిన ప్రతి బిడ్డకూ, దంపతుల సమ్మతితో, కేంద్రంతో సంబంధం లేని ల్యాబ్‌లో, ఆసుపత్రి నుంచి పంపేముందే పరీక్ష జరిగితే దంపతుల మనసు కుదుటపడుతుంది, ఎక్కడో మరొక తల్లి ఒడిలోని బిడ్డకు కూడా అది కాపలా అవుతుంది. దాత అండం లేదా వీర్యం వాడిన సందర్భంలో ఆ సంగతి పరీక్ష చేసేవారికి ముందే తెలియజేయాలి, లేకపోతే అనవసరపు గందరగోళం పుడుతుంది.

రికార్డుల విషయం క్లుప్తంగా చెబుతాను. సరోగసీ రికార్డులు 25 ఏళ్లు దాచాలి. ఏఆర్‌టీ రికార్డులు కేంద్రం పదేళ్లు దాచి, ఆ తర్వాత జాతీయ రిజిస్ట్రీకి అప్పగించాలి. పదేళ్లకు బిడ్డ ఐదో తరగతిలో ఉంటాడు. అతనికి ఇరవై ఏళ్లకు వంశపారంపర్య వ్యాధి ఏదైనా బయటపడితే దాత వైద్య చరిత్ర వెతకడానికి ఆ అప్పగింత సక్రమంగా జరిగి ఉండాలి. ఐరోపాలో క్యాన్సర్ ముప్పు పెంచే టీపీ53 జన్యులోపం ఉన్న ఒక వీర్యదాత ద్వారా పలు దేశాలలో పిల్లలు పుట్టారని 2025లో వెల్లడైనప్పుడు, వాళ్లను గుర్తించగలిగింది రికార్డులు ఉండబట్టే. ఒక దాత ఒక దంపతులకే అన్న మన నియమం అంత పెద్ద విపత్తును ఆపుతుంది. కానీ దాతకు తర్వాత జబ్బు తెలిస్తే బ్యాంకుకు చెప్పే దారి, బ్యాంకు ఆ కుటుంబానికి పేర్లు బయటపెట్టకుండా చేరవేసే దారి మన దగ్గర ఇంకా ఏర్పడలేదు. బ్రిటన్ 2005 ఏప్రిల్ తర్వాతి దాతల వివరాలను పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు తెలుసుకునే హక్కు ఇచ్చింది. మనం అంతదూరం వెళ్లాలా వద్దా అన్నది తర్వాతి చర్చ. వైద్య సమాచారం చేరడం మాత్రం ఇప్పుడే అవసరం.

అప్రోప్రియేట్ అథారిటీ అధికారులకు ప్రత్యేకంగా ఒక మాట. సరోగసీ చట్టం కింద కోర్టు నేరాన్ని విచారణకు స్వీకరించాలంటే మీ ఫిర్యాదు కావాలి, లేదా మీకు పదిహేను రోజుల ముందు నోటీసు ఇచ్చిన వ్యక్తో సంస్థో ఫిర్యాదు చేయాలి. పోలీసులు ఎంత శ్రమించినా మీ సంతకం ఆలస్యమైతే కేసు బలహీనపడుతుంది. చట్టప్రకారం మీలో ఒక మహిళా సంఘాల ప్రతినిధి, ఒక న్యాయ శాఖ అధికారి ఉంటారు. ఆ మహిళా ప్రతినిధి తనిఖీలకు స్వయంగా వెళ్లి, దాతలతో, సరోగేట్ తల్లులతో డాక్టరూ ఏజెంటూ భర్తా లేని గదిలో మాట్లాడే ఏర్పాటు చేయండి. ప్రతి కేంద్రంలో ఫిర్యాదుల విభాగం ఉండాలని చట్టం అంటోంది. అక్కడికి దాతల నుంచి ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదని చెప్పే కేంద్రాన్ని మెచ్చుకోకండి, ఆ విభాగం ఉందన్న సంగతి దాతలకు తెలుసా అని అడగండి.

డాక్టర్లకు నా విన్నపం ఇంతకంటే చిన్నది. మీలో ఎక్కువమంది ఈ పనిని ప్రేమతోనే ఎంచుకున్నారని నాకు తెలుసు. ఎవరో చేసిన నేరాలకు ఊరంతా మిమ్మల్ని అనుమానంగా చూస్తున్నప్పుడు మీరు పడే బాధా తెలుసు. సక్సెస్ రేట్లతో పాటు, మీ కేంద్రంలో గత ఏడాది ఎంతమంది అండదాతలకు ఓహెచ్ఎస్ఎస్ వచ్చింది, ఎంతమంది ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది, ఎంతమంది సరోగేట్ తల్లులకు సిజేరియన్ జరిగింది, ఏడాది తర్వాత వాళ్లలో ఎంతమందిని మీరు పరీక్షించారు అన్న సంఖ్యలను మీకై మీరే ప్రకటించండి. ఏ బోర్డూ ఆదేశించకముందే అలా ప్రకటించిన కేంద్రానికి దంపతులను నేను నమ్మకంగా పంపగలను.

బోర్డుల తదుపరి సమావేశాలలో ఈ లేఖలోని నాలుగు విషయాలను అజెండాలో చేర్చమని ప్రార్థిస్తున్నాను: వివిధ భాషలలో ప్రామాణిక అంగీకార పత్రాలు, దాత ఆధార్‌ను అక్కడికక్కడే ధ్రువీకరించి జాతీయ రిజిస్ట్రీతో సరిచూడటం, సరోగసీ బిడ్డలకు స్వతంత్ర ల్యాబ్‌లో డీఎన్ఏ పరీక్ష, పోయిన కూలికి చట్టబద్ధమైన చెల్లింపు మీద జాతీయ బోర్డుకు సిఫారసు. అంగీకార పత్రాల తెలుగు ముసాయిదా సిద్ధం చేయడానికి, దాతలతో మాట్లాడేవారికి శిక్షణ ఇవ్వడానికి ఎటువంటి ప్రతిఫలం లేకుండా నా సమయం ఇస్తాను. నాలాంటి కౌన్సెలర్లు రెండు రాష్ట్రాలలోనూ ఉన్నారు, పిలిస్తే వస్తారు.

ఇట్లు,
సంతాన సాఫల్య కేంద్రాలలో పనిచేసిన ఒక కౌన్సెలర్